కాపీ పెట్టకూడదన్నారు

17 జనవరి 2003, బోధన్

పంపకం ఖాయమైంది. లింబయ్య తాత వచ్చి, చాయ్ తాగి, మమ్మల్ని కన్న అవ్వ చుట్టి పెట్టిన బీడీల్లోంచి ఒకటి తీసి వెలిగించి, ఇక చాలన్నాడు. ఒక దుకాణంలో ముఖాలు మాడ్చుకుని కూర్చునేకంటే రెండు దుకాణాల్లో నిమ్మళంగా కూర్చోమన్నాడు. పెద్దన్న తల ఊపాడు. చిన్నన్న గోడకేసి చూస్తూ తల ఊపాడు.

దసరా నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రేపు వర్ని ఊరికి వెళ్ళాలని పెద్దన్న నాకు చెబుతాడు, పక్క కుర్చీలోనే ఉన్న చిన్నన్నకు నేను చెబుతాను. సరే వెళ్తానని ఆయన నాకు చెబుతాడు, నేను మళ్ళీ ఇటు తిరిగి చెబుతాను. ఇంత దగ్గరి మనుషులకు ఇన్ని ట్రంకాల్స్ కలిపినదాన్ని నేనే అయ్యుంటాను. నవ్వుతూ చేశాను గానీ, రోజూ పడుకునే ముందు వీళ్ళిద్దరూ ఒక్క మాట నేరుగా మాట్లాడుకుంటే చాలు దేవుడా అనుకునేదాన్ని.

మా పద్మశాలి ఇళ్ళలో పంపకాలన్నీ లింబయ్య తాత చేతుల మీదుగానే జరుగుతాయి. పద్ధతి ఒకటే. పెద్దవాడు రెండు పాళ్ళు వేయాలి, చిన్నవాడు ముందుగా కోరుకోవాలి. సమానంగా వేయకపోతే మునిగేది వేసినవాడే. కాలం చేసిన మా బాపు బస్టాండు దగ్గర పెట్టిన పెళ్ళికార్డుల దుకాణం పెద్దన్నకు, అందులోని స్క్రీన్ ప్రింటింగ్ సామానుతో సహా. చిన్నన్నకు శక్కర్‌నగర్ దారిలో కొత్త షట్టర్, కొత్త కంప్యూటర్, జిరాక్సు మిషను. శ్రీపంచమికి తెరవాలి. ఇంతవరకూ చిక్కేమీ లేదు. చిక్కంతా పాత కంప్యూటర్ లోపల ఉన్నదాని గురించి.

మా దగ్గర ఒక ఇంటికి ఒక ఫోల్డర్. ఆ ఇంట్లో పెద్ద కొడుకు పెళ్ళి కార్డు ఉంటే చిన్న కొడుకు కార్డుకు నాలుగు పేర్లు మారిస్తే చాలు. మేనమామల వరుస, ఎవరి పేరు ముందు రావాలో, ఎవరి పేరు పొరపాటున కూడా రాకూడదో అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఫోల్డర్ ఎవరి దగ్గరుంటే ఆ ఇల్లు వాళ్ళ గిరాకీ.

ఒక ఫోల్డర్‌ను ఇక్కడి నుంచి తీస్తే ఇక్కడ ఉంటుందా, ఉండదా అని తాత అడిగాడు. ఎలా కావాలంటే అలా అన్నాను. కాపీ పెడితే రెండు చోట్లా ఉంటుంది, కట్ చేస్తే ఒక్క చోటే ఉంటుంది. చేసి చూపించాను కూడా. ఆయన తెర ముందు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించాడు.

"రెండు దిక్కుల ఉంటె గది పంపకం కాదు బిడ్డా, పొత్తే. పొత్తు వద్దనే గద వీళ్ళు లేసింది. కాపీ పెట్టద్దు."

అదే తీర్పు.

18 జనవరి

ఇందులో నేనెటు అన్నది ఎవరూ అడగలేదు. ముందు సామాను తేలాలి కదా. మనుషుల సంగతి తరువాత వస్తుంది.

20 జనవరి

కంప్యూటర్లు బాగుచేసే దాసు గారు నిజామాబాద్ నుంచి వచ్చి, చిన్నన్న కంప్యూటర్‌లో పెట్టవలసిన హార్డ్ డిస్కును మా పాతదాని పక్కన తగిలించారు. ఇప్పుడు తెర మీద కొత్తగా ఇ డ్రైవ్ కనిపిస్తోంది. పాతదైన డి లో ఉన్న ఇళ్ళ ఫోల్డర్లలో సగం ఇ లోకి వెళ్ళాలి. అయిపోయాక ఆయన మళ్ళీ వచ్చి ఇ ని విప్పి పట్టుకుపోయి కొత్త దుకాణంలో బిగిస్తారు. అంతే పని. అత్తగారి ఊరు మోస్రా నుంచి నేను ఒక పెట్టెతో పుట్టింటికి తిరిగి వచ్చిన రోజు కూడా బాపు అంతే పని అన్నట్టే చూశాడు. రెండోదాన్ని ఇంట్లో పెట్టుకున్నవాడితో నీకేం పనని, ఆ వారంలోనే నన్ను కంప్యూటర్ నేర్చుకోవడానికి పంపాడు. ఇప్పుడు డి లో ఉన్న ప్రతి అక్షరం నేను కొట్టిందే.

వెళ్తూ వెళ్తూ దాసు గారు తన భార్య రూతమ్మ గారి మాటగా చెప్పారు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఆవిడ నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లు పెట్టారట, నేర్పేవాళ్ళు కావాలట, నేను వస్తానేమో అడగమన్నారట. నవ్వొచ్చింది. మా అన్నలు వదులుతారా అన్నాను. చర్చి కార్యక్రమాల కాగితాలు ఆవిడ నిజామాబాద్‌లో అన్ని ప్రెస్సులు వదిలిపెట్టి బోధన్ దాకా తెచ్చేది నా టైపింగ్‌లో తప్పులుండవనే. ఆవిడకే నా విలువ తెలిస్తే ఇంట్లో వాళ్ళకు తెలియదా.

21 జనవరి

పెద్దన్న నా పక్కన కూర్చుని పాళ్ళు వేశాడు. ఇంత కష్టపడి ఆలోచించడం ఆయన పెళ్ళప్పుడు కూడా చూడలేదు. ఎడపల్లి సావుకారి ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలు నలుగురున్నారు, కనుక అది పెద్ద ఇల్లు. దానికి సరితూగడానికి వర్నిలో ఆరుగురు కొడుకుల ఇంటిని అటువైపు వేశాడు. కాసేపయ్యాక, ఆ ఆరుగురిలో ఇద్దరు మస్కట్ పోయారని, ఎప్పుడొస్తారో తెలియదని గుర్తొచ్చి, ఇంకో ఇంటిని కలిపాడు. ఆ ఇంట్లో పెళ్ళీడు పిల్లలెవరూ లేరే అంటే, ముసలివాళ్ళు ముగ్గురున్నారు కదా, దశదినకర్మ కార్డులు పడతాయన్నాడు. బతికున్నవాళ్ళను అలా లెక్కేస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది, నవ్వు కూడా ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

బయట చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దాకా బారులు తీరి ఉన్నాయి. బండివాళ్ళు చాయ్‌కి వచ్చి మా అరుగు మీద కూర్చుంటున్నారు. ఊరంతా చెరుకు మడ్డి వాసన. ప్రతి ఏడూ ఈ వాసన మొదలైతే కార్డుల సీజను దగ్గరపడినట్టే. ఇది పుష్యం కాబట్టి ముహూర్తాలు లేవు. మాఘం పడితే మాకు నిలబడే తీరిక ఉండదు.

మాకు అని రాశాను. ఎవరికో చూడాలి.

22 జనవరి

చిన్నన్న కోరుకున్నాడు. చిన్న వదిన ముందే ఇంట్లో చెప్పి పంపినట్టుంది, చూడకుండానే రెండో పాలు అన్నాడు. ఆరుగురు కొడుకుల ఇల్లు అటే ఉంది. పెద్దన్న ముఖంలో రంగు మారలేదు గానీ ఆ రోజంతా స్క్రీన్లు అవసరం లేకపోయినా కడుగుతూ ఉన్నాడు.

23 జనవరి

ఈ రోజు మొదలుపెట్టాను. సాలూర వైపు కొన్ని ఇళ్ళు, రెంజల్ వైపు ఇళ్ళు మౌస్‌తో ఒక్కొక్కటి పట్టుకుని లాగి ఇ లో వదిలాను. ఇన్నేళ్ళూ డి లోపలే ఈ ఫోల్డర్ నుంచి ఆ ఫోల్డర్‌కు లాగి పెట్టుకోవడం అలవాటు. చేయి దానంతటదే పోతుంది. తెర మీద కాగితాలు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి ఎగురుతుంటే చూడ్డానికి బాగుంటుంది. ఒక్కో ఇల్లు వెళ్తుంటే ఆ పెళ్ళి గుర్తొస్తుంది. రెంజల్ పిల్ల పెళ్ళికి తెల్లవారితే కార్డు ఇవ్వాలంటే ముగ్గురం రాత్రంతా కూర్చున్నాం. అప్పుడు అన్నలిద్దరూ ఒకే గ్లాసులో చాయ్ పోసుకుని తాగారు.

24 జనవరి

తప్పు జరిగింది. నా వల్లే.

ఒకే డ్రైవ్ లోపల లాగితే ఫోల్డర్ జరుగుతుంది. వేరే డ్రైవ్‌కు లాగితే జరగదు, కాపీ అవుతుంది. పాతది ఉన్నచోటే ఉంటుంది. రెండు డ్రైవ్‌ల మధ్య ఎప్పుడూ లాగలేదు కనుక నాకు తెలియదు. నిన్న పంపాననుకున్న ఇళ్ళన్నీ డి లో పదిలంగా ఉన్నాయి. పెద్దన్న పొద్దున్నే చూసినట్టున్నాడు. ఏమీ అనలేదు. పైగా నాకు ఇడ్లీ తెప్పించాడు. అప్పుడే అనుమానం రావలసింది.

మధ్యాహ్నం చిన్నన్న చూశాడు. ఈసారి ట్రంకాల్ కాదు, నాకే అన్నాడు.

"గాయనకు గాయనవి ఉంచి, నాకు నకలు ఇచ్చినవన్నట్టు."

మౌస్‌తో లాగితే ఇలా అవుతుందని తెలియదన్నాను. ఇన్నేళ్ళు ఈ పనే చేస్తూ తెలియదంటే ఎవరు నమ్ముతారన్నాడు. ఆ మాట నిజమే. నమ్మేలా లేదు. కానీ అదే జరిగింది.

కోపం తగ్గితే అర్థం చేసుకుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ముక్కు మీద కోపం.

25 జనవరి

లింబయ్య తాత మళ్ళీ వచ్చాడు. అన్నలిద్దరినీ నాకు చెరోవైపు కూర్చోబెట్టి, తను వెనక కుర్చీ వేసుకుని, ఇ లోకి చేరినా డి లో మిగిలిపోయినవి ఒక్కొక్కటీ తుడిపించాడు. నేను పేరు చదవాలి, ఇద్దరూ సరే అనాలి, అప్పుడు డిలీట్. పెళ్ళిలో తలంబ్రాలకు కూడా ఇంత తంతు ఉండదు. అంతా అయ్యాక తాత తెర మూలలో ఉన్న బుట్టను చూపించి, ఇందాక అది ఖాళీగా ఉంది, ఇప్పుడు కాగితాలు కనిపిస్తున్నాయేమని అడిగాడు. తుడిచినవి ముందు అందులో పడతాయని, మళ్ళీ తీసుకోవచ్చని చెప్పాను. చెప్పకపోతే బాగుండేది. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. బుట్ట కూడా అందరి ముందూ ఖాళీ చేశాను.

ఇక నుంచి లాగకుండా కట్ చేసి పేస్ట్ చేస్తాను. చేయి మాటిమాటికీ మౌస్ లాగబోతుంది, ఆపుకోవాలి.

26 జనవరి

జెండా పండుగ, దుకాణం మూసే ఉంది. పెద్దన్న పెరట్లోకి పిలిచి, వర్ని ఇల్లు ఒక్కటి ఎవరికీ తెలియకుండా సీడీలో పెట్టి ఉంచమన్నాడు. పెద్ద వదిన నా కొంగుకు సంపెంగలు ముడి వేసింది.

27 జనవరి

చిన్నన్న కోపం పోయింది. చెప్పలేదూ? సాయంత్రం మిర్చి బజ్జీలు తెచ్చి, ఎడపల్లి సావుకారి ఫోల్డర్ ఒక్కటి ఇ లో ఎక్కడో మూలన పెట్టమన్నాడు. పేరు మార్చి పెట్టమని సలహా కూడా ఇచ్చాడు.

ఇద్దరికీ చూద్దాంలే అన్నాను. చేయను. తాతకు ఇచ్చిన మాట అలా ఉంచితే, ఇద్దరిలో ఒకరికి చేస్తే రెండోవాడి దగ్గర నేను ఏ ముఖం పెట్టుకుని ఉంటాను? కానీ ఇద్దరూ నన్ను బతిమాలుతుంటే సంతోషంగా ఉంది, దాచుకోవడమెందుకు. నేను లేకపోతే ఇద్దరికీ పని జరగదు. కొత్త దుకాణానికి రమ్మని చిన్నన్న, పోవద్దని పెద్దన్న గొడవ పడతారేమోనని భయం. ఎవరి దగ్గరకు వెళ్ళాలో నేనే తేల్చుకుని ముందుగా చెబితే మంచిదేమో. పొద్దున బస్టాండు, మధ్యాహ్నం నుంచి శక్కర్‌నగర్ అంటే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. సైకిల్ మీద పోవచ్చు.

28 జనవరి

కట్ చేసి పేస్ట్ అవుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో ముసలిదైంది, కుయ్యిమని ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ తనను తాను చాలాసేపు తడుముకుని లేచింది. చూస్తే సాలూర లింగవ్వ ఇల్లు డి లో లేదు. ఇ లో పేరు మాత్రం ఉంది, తెరిస్తే లోపల ఏమీ లేదు. బుట్టలోనూ లేదు. ఇటు నుంచి పోయింది, అటు చేరలేదు.

అన్నలకు చెప్పాను. పెద్దన్న చిన్నన్న వైపు చూశాడు, చిన్నన్న పెద్దన్న వైపు చూశాడు, తరువాత ఇద్దరూ నన్ను చూశారు. 

29 జనవరి

మిగతా ఇళ్ళన్నీ క్షేమంగా చేరాయి. పని పూర్తయింది.

30 జనవరి

రాకూడని వేళకు వస్తారంటే ఇదే. లింగవ్వ ఈ రోజే వచ్చింది. చిన్న కొడుకు పెళ్ళి, మాఘంలో. కూతురి పెళ్ళి కార్డు ఎలా ఉందో అలాగే కావాలంది. పాత కార్డు తెచ్చావా అంటే, మీ దగ్గర ఉన్నప్పుడు నేనెందుకు తేవాలని నాకే చెప్పింది. అదీ నిజమే.

కూర్చుని మొత్తం మళ్ళీ కొట్టాను. లింగవ్వ ఇల్లు మరిచిపోయేది కాదు. రెండో తమ్ముడితో ఆమెకు పొలం గట్టు తగాదా, అతని పేరు రాకూడదు. అతని భార్య మాత్రం కష్టానికి సుఖానికి వచ్చే మనిషి, ఆమె పేరు రావాలి. భర్తను వదిలేసి భార్యను వేసిన కార్డు బోధన్ మొత్తానికి అదొక్కటే. అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. లింగవ్వ మనవడు చదివి వినిపిస్తే ఆమె ప్రతి పేరుకూ తల ఊపింది.

పోయింది చిన్నన్న పాలుదే గానీ ఇది కొత్తగా కొట్టింది కనుక, ఇప్పుడు ఈ ఇల్లు ఎవరి పాలు అన్న పంచాయతీ వచ్చింది. తాతకు ఫోన్ చేస్తే, లింగవ్వ ఏ దుకాణానికి పోతే వాళ్ళదన్నాడు. లింగవ్వ అన్నలిద్దరినీ ఎగాదిగా చూసింది.

"నాకు మీ దుకాణాలు ఎందుకు నాయినా. జమున యాడ కూసుంటె గాడికే వస్త."

నాకు లోపల ఎంత గర్వంగా అనిపించిందో. ఇక అడుగుతారు. రేపు తాత వస్తున్నాడు, ఆఖరి కూర్చోవడం. రేపు తప్పకుండా అడుగుతారు.

31 జనవరి

అడిగింది లింబయ్య తాత. వంటసామాను, బాపు కుర్చీ, గోడ గడియారం అన్నీ తేలాక, మరి జమున ఎవరి దగ్గర అన్నాడు. నేను కంప్యూటర్ ముందే కూర్చున్నాను. వెనక్కి తిరగలేదు. సైకిల్ మాట చెబుదామని గొంతు సవరించుకున్నాను.

 బయట బండి ఎద్దుల గంటలు వినిపిస్తున్నాయి. అప్పుడు పెద్దన్న అన్నాడు.

"జమునకు నా తమ్ముడంటెనే పాణం. ఆడనే ఉండనియ్యి."

చిన్నన్న వెంటనే అందుకున్నాడు. "ఏం లేదు, అన్న దిక్కే దాని మనసు. మొదటి రోజే గాయనవి గాయనకు ఉంచలేదా?"

ఆ తరువాత ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు చెప్పుకొచ్చారు. పెద్ద వదిన తమ్ముడు కంప్యూటర్ నేర్చుకున్నాడు, బస్టాండు దుకాణంలో అతను కూర్చుంటాడు. చిన్న వదిన నేర్చుకుంటోంది, కొత్త దుకాణంలో ఆమే కూర్చుంటుంది. లింగవ్వ ఫోల్డర్ పోలేదు, ఎక్కడో ఉంది, అది రెండోవాడికి ఇవ్వడానికేనని ఇద్దరికీ అనుమానం. ఫోల్డరే లేకుండా అన్ని పేర్లు వరుసగా ఎలా కొట్టిందని చిన్నన్న అడిగాడు. పెద్దన్న దానికి అవునన్నట్టు తల ఊపాడు.

తాత నిట్టూర్చి తేల్చేశాడు. అవ్వ ఎలాగూ ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. జమున కూడా అవ్వతోపాటే తిరుగుతుంది.

మంచి నిర్ణయమే. అవ్వకు తోడుంటాను.

1 ఫిబ్రవరి

అమావాస్య. దుకాణం తీయలేదు.

నిన్న మంచి నిర్ణయమని రాశాను. చదువుకుంటే నా మీద నాకే జాలి వేస్తోంది. నాకు చాలా బాధగా ఉంది. ఇద్దరూ నా కోసం గొడవ పడతారనుకున్నాను. పడ్డారు. నేను వద్దని పడ్డారు. ఒకరికి కాపీ ఇచ్చి ఉంటే ఆ ఒక్కడైనా ఉంచుకునేవాడేమో. ఇవ్వనందుకు నేను ఇద్దరికీ రెండోవాడి మనిషినయ్యాను. సంపెంగలూ బజ్జీలూ ఎవరి కోసం వచ్చాయో ఆ రోజే తెలియక కాదు. తెలిసే తిన్నాను.

పొద్దున బావి దగ్గర కూర్చుని ఏడ్చాను. అవ్వ చూసింది. పక్కన కూర్చుని బీడీల తునికాకు కత్తిరిస్తూ ఒక్క మాట అంది.

"నా ఆర్నెల్లు నేను తిరుగుత బిడ్డా. నువ్వెందుకు తిరుగుడు?"

3 ఫిబ్రవరి

నిజామాబాద్ వెళ్ళొచ్చాను. డాక్టర్‌కు చూపించుకోవాలని ఇంట్లో చెప్పాను, ఎవరూ ఏమైందని అడగలేదు. రూతమ్మ గారి ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఉంది. టైపు మిషన్లను గోడవారకు నెట్టి, మధ్యలో నాలుగు కంప్యూటర్లు పెట్టారు. కిటికీలోంచి చూస్తే కిందంతా ఆసుపత్రుల బోర్డులు, మందుల దుకాణాలు, చెప్పులు విడిచే చోట జనం. రూతమ్మ గారు నా కష్టాలేమీ అడగలేదు. అందుకు ఆవిడకు దండం పెట్టాలి. చర్చి పాటల పుస్తకం మొత్తం టైపు చేయాలన్నారు, ఆడపిల్లల బ్యాచికి నేర్పాలన్నారు. నేను ఉండడానికి వెనకాల అర్ర చూపించారు. ఒక మంచం, ఒక స్టవ్, ఒక కిటికీ.

"నీది నువ్వే వండుకో, నీ తాళం నీ దగ్గర్నే ఉంచుకో" అన్నారు. "ఎప్పటి సంది వస్తవు?"

ఎప్పటి నుంచి వస్తావని నన్ను అడిగినవాళ్ళు లేరు.  శ్రీపంచమి అన్నాను.

బస్సులో వస్తూ ఉంటే భయం వేసింది. బోధన్ వదిలి మోస్రా తప్ప ఎక్కడా ఉన్నదాన్ని కాదు. అయినా ఎడపల్లి దాటేసరికి ఆకలేసింది. మూడు రోజులుగా లేని ఆకలి.

4 ఫిబ్రవరి

దాసు గారు వచ్చి ఇ ని విప్పి తీసుకువెళ్ళారు. విప్పేముందు అన్నలిద్దరూ చూసుకోమన్నారు. చూసుకున్నారు. ఆయన స్క్రూలన్నీ తిరిగి బిగించి, వెళ్తూ మెల్లగా, ఎల్లుండి పొద్దుటి బస్సా అని మాత్రం అడిగారు.

5 ఫిబ్రవరి

చెప్పాను. భోజనాలయ్యాక అందరూ ఉన్నప్పుడే చెప్పాను. రేపు నిజామాబాద్ పోతున్నానని, అక్కడే పని, అక్కడే ఉండడమని, అవ్వను చూడడానికి వస్తూ ఉంటానని. గొంతు వణకలేదు. ముందే రెండుసార్లు అద్దం ముందు చెప్పుకున్నాను మరి.

పెద్ద వదిన గిన్నెలు తీయడం ఆపింది. చిన్న వదిన ఆమె వైపు చూసింది. పెద్దన్న చేయి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు. వద్దంటాడేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఉండమంటే ఉండను, ఆ సంగతి నాకు తెలుసు. అయినా అంటే బాగుండుననిపించింది. ఎందుకు దాచుకోవాలి, చాలా అనిపించింది.

పెద్దన్న అడిగాడు.

"కాపీ ఏమన్న పట్కపోతున్నవా?"

లేదన్నాను.

"నిజం చెప్పు జమునా" అన్నాడు చిన్నన్న. "టైపు సెంటర్ అంటున్నవు. రేపు గాడ కార్డులు మొదలు వెడితె మా ఇద్దరి గిరాకీ పోతది."

మా ఇద్దరి అన్నాడు. పెద్దన్న కూడా విన్నాడు.

ఏమీ తీసుకుపోవడం లేదన్నాను. నా పెట్టె తెరిచి చూపించబోతే అవ్వ నా చేయి పట్టుకుని ఆపింది. అవసరం లేదన్నట్టు చూసింది. పెద్దన్న లేచి, పెట్టెతో ఏం తెలుస్తుంది, కంప్యూటర్‌లో చూస్తే తెలుస్తుందన్నాడు. ఆ మాట నాతో అనలేదు. చిన్నన్నతో అన్నాడు. నేరుగా. చిన్నన్న కూడా నా వైపు తిరగకుండా, "నడువు, ఏ తారీఖున ఏది తీసిందో అందులనే ఉంటదట" అని ఆయనకే చెప్పాడు. ఇద్దరూ చెప్పులేసుకుని కలిసి బయలుదేరారు.

కాసేపయ్యాక చాయ్ పట్టుకుని వెళ్ళాను. దుకాణంలో కుర్చీ ఒక్కటే ఉంది, మిగతావన్నీ కొత్త దుకాణానికి పోయాయి. ఆ ఒక్క కుర్చీని పక్కకు జరిపి, స్క్రీన్లు ఆరబెట్టే బల్ల లాక్కుని, ఇద్దరూ దాని మీద భుజం భుజం కలిపి కూర్చున్నారు. పెద్దన్న మౌస్ కదుపుతున్నాడు. చిన్నన్న తెర మీద వేలు పెట్టి, ఇది తెరువు, అది తెరువు అంటున్నాడు. ఇది కాదు రా, కింద ఉన్నది చూడు అంటున్నాడు పెద్దన్న. దసరా నుంచి నేను కోరుకున్నది ఇదే.

గ్లాసులు వాళ్ళ పక్కన పెట్టాను. ఇద్దరూ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అందుకున్నారు. నా బట్టలు సర్దుకోవడం ఇంకా మిగిలి ఉందని ఇంటికి వచ్చేశాను.